పొగగొట్టం మార్చడానికి పట్టిన కాలం

ఆంగ్ల నవలలు చదివేవారికి ఫైర్‌ప్లేస్ సుపరిచితమే. దానికి సరిపడే తెలుగు మాట మాత్రం నాకు తట్టడం లేదు. కుంపటి అందామంటే అది ఎత్తి ఎక్కడైనా పెట్టుకొనేది. పొయ్యి అంటే వంట గుర్తుకొస్తుంది. ఇదేమో చలి కాచుకొనేందుకు గోడలోనే కట్టి, పైన పొగగొట్టం నిలిపిన ఏర్పాటు. మరో మాట దొరికేదాకా పొయ్యి అనే అంటాను. గోడలో భాగం కావడమే దీని చరిత్రను చాలావరకు నిర్ణయించింది. కుంపటి నచ్చకపోతే పారవేయవచ్చు. దీన్ని మార్చాలంటే గోడ పగలగొట్టాలి.

మధ్యయుగపు ఇంగ్లండులో సామాన్యుల ఇళ్ళలో మంట నేల నడుమ ఉండేది. పొగ కప్పు సందుల్లోంచి పోయేది. పదహారవ శతాబ్దంలో ఇటుక పొగగొట్టాలు వ్యాపించాయి. తమ కాలంలో చూసిన గొప్ప మార్పుల్లో ఇదొకటని ఊరి వృద్ధులు చెప్పుకొనేవారని 1577లో విలియం హారిసన్ రాశాడు. 1662లో ప్రభుత్వం ఒక్కొక్క పొయ్యికి ఏటా రెండు షిల్లింగుల పన్ను కూడా వేసి, 1689లో రద్దు చేసింది.

పాత పొయ్యిని తక్కువ ఖర్చుతో బాగుచేసే మార్గం చూపినవాడు అమెరికాలో పుట్టిన బెంజమిన్ థాంప్సన్, అనగా కౌంట్ రమ్‌ఫర్డ్. పొయ్యి లోతు తగ్గించి, పక్కగోడలను ఏటవాలుగా తిప్పి, పొగగొట్టపు గొంతును ఇరుకు చేస్తే పొగ గదిలోకి తన్నదనీ, వేడి గదిలోకి వస్తుందనీ 1796లో వివరించాడు. జేన్ ఆస్టెన్ ‘నార్తాంగర్ ఆబీ’లో కథానాయిక కేథరిన్, ఆ పాత మఠంలో భారీ శిల్పాల పొయ్యి ఉంటుందని ఊహించుకొని వెళ్తుంది. తీరా అక్కడున్నది రమ్‌ఫర్డ్ పొయ్యి!

అయితే గొట్టం లోపలి మసి సంగతి వేరు. రాక్షసిబొగ్గు పొగకు వేసిన గొట్టాలు ఇరుకైనవి. కొన్ని తొమ్మిది అంగుళాల చదరం మాత్రమే. పైగా వంకరలు తిరిగేవి. వాటిలోకి పెద్దవాళ్ళు దూరలేరు కనుక పిల్లలను ఎక్కించారు. ఈ పనివారికి వచ్చే ఒక క్యాన్సరుకు మసే కారణమని పెర్సివల్ పాట్ అనే వైద్యుడు 1775లోనే చెప్పాడు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలను పనిలో పెట్టుకోరాదని 1788లో చట్టం వచ్చింది. 1803 నాటికి జార్జ్ స్మార్ట్ పొడవాటి కర్రల బ్రష్షు తయారుచేశాడు. కాని పదునైన వంకరల్లో బ్రష్షు తిరగదు. గొట్టాన్ని సరిచేయించాలంటే ఇంటి యజమానికి ఖర్చు. పిల్లవాడైతే వంకరల్లో కూడా తిరుగుతాడు! ఇంతకుమించిన కారణం నాకు కనిపించదు. ఇరవై ఒక్క ఏళ్ళలోపువారిని ఎక్కించరాదన్న 1840 నాటి చట్టాన్ని కూడా చాలామంది లెక్కచేయలేదు. 1875లో కేంబ్రిడ్జి సమీపంలోని ఫుల్‌బోర్న్ ఆసుపత్రి పొగగొట్టంలో ఇరుక్కొని జార్జ్ బ్రూస్టర్ అనే బాలుడు చనిపోయాడు. షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి అదే ఏడు తెచ్చిన చట్టంతో, పోలీసుల లైసెన్సు లేనిదే ఈ పని చేయడానికి వీల్లేకపోయింది. ఆ తరువాతే పిల్లలను ఎక్కించడం ఆగింది.

మసి దులిపే తీరు మారింది గాని మంట మారలేదు. ఇరవయ్యో శతాబ్దంలో గ్యాసు, విద్యుత్తు వచ్చినా ఇంగ్లీషువారు బొగ్గు మంటను వదలలేదు. కుటుంబాన్ని ఒకచోట చేర్చేది మంటేనని జార్జ్ ఆర్వెల్ 1945లో దాన్ని సమర్థిస్తూ వ్యాసం రాశాడు. మన మోతిహారీలో పుట్టిన ఆ రచయిత 1950లో క్షయతో పోయాడు. ఆయన వాదనలోని ఆప్యాయతను కాదనలేం. కాని ఆ పొగ పీల్చేది ఒక్క కుటుంబం కాదు, ఊరంతా.

1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను పొగమంచు కమ్మేసింది. మృతులు నాలుగు వేలని అప్పట్లో అంచనా. తరువాతి పరిశోధకులు పన్నెండు వేల దాకా లెక్కగట్టారు. సర్ హ్యూ బీవర్ అధ్యక్షతన సంఘం వేశారు. (గిన్నిస్ రికార్డుల పుస్తకం ఆలోచన కూడా ఈయనదే.) 1956లో శుద్ధవాయు చట్టం వచ్చింది. అందులో నాకు ముఖ్యంగా తోచేది నిషేధం కాదు, డబ్బు. పొగ నియంత్రణ ప్రాంతాల్లో పాత ఇంటి పొయ్యి మార్చుకొనే ఖర్చులో నూటికి డెబ్బై వంతులు స్థానిక ప్రభుత్వం తిరిగి ఇచ్చేది. గొట్టాల వంకరలు తీయించడానికి ఇలాంటి సాయం నూరేళ్ళ ముందే దొరికి ఉంటే?

1967 నుంచి పదేళ్ళపాటు ఉత్తర సముద్రపు సహజవాయువు ఇంటింటికీ చేరింది. చాలా ఇళ్ళలో గోడ పగలగొట్టనే లేదు. పొయ్యి నోటికి పలక బిగించి, ముందు గ్యాసు హీటరు పెట్టుకొన్నారు. పైకప్పు మీద పొగగొట్టం అలాగే నిలిచింది. తరువాతి తరంవారు కొందరు ముచ్చటపడి ఆ పలకలు ఊడదీసి కట్టెల స్టవ్వులు పెట్టించుకొన్నారు. 2021 మేలో ఇంగ్లండులో సంచుల్లో అమ్మే ఇంటి బొగ్గు మీదా, తడి కట్టెల మీదా మళ్ళీ ఆంక్షలు పెట్టవలసి వచ్చింది.