పాట చిరునామా: గ్రామఫోను నుంచి ఇంటి సర్వర్ వరకు

ఉద్దేశాలు

ఈ వ్యాసాన్ని అధ్యయనం చేసిన తరవాత మీరు:
- పాటను భద్రపరచి వినిపించే సాధనాలు ఎలా మారుతూ వచ్చాయో వివరించగలుగుతారు.
- ఇంటి మీడియా సర్వర్ పనితీరును, దాని చారిత్రక స్థానాన్ని అంచనా వేయగలుగుతారు.
- మీ ప్రాంతంలోని ధ్వని ఆధారాలను గుర్తించి కాపాడే పద్ధతిని చెప్పగలుగుతారు.

1. పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు గుర్తుకు వస్తాయి. ధ్వని కూడా ఆధారమే. అయితే శాసనం రాతి మీద నిలుస్తుంది, పాట గాలిలో కలిసిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి వచ్చిన ప్రతి సాధనం గురించీ మనం మూడు ప్రశ్నలు వేసుకోవాలి. పాట ప్రతి ఎక్కడ ఉంది? ఏ పాట ఉండాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? ఆ సాధనం ఆగిపోతే పాట ఏమవుతుంది? పలాస, టెక్కలి, ఉద్దానం తీరాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ ప్రశ్నలకు జవాబులు వెదుకుదాం.

2. గొంతు నుంచి రికార్డుకు

ఉత్తరాంధ్రలో జముకుల కథ, తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం వంటి కళారూపాలు తరతరాలుగా గొంతులోనే బతికాయి. పలాస దగ్గరి బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, శ్రీకాకుళ రైతాంగ పోరాట కాలంలో జముకుల కథను ప్రచార సాధనంగా మలుచుకున్నారు. ఆయన 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించారు. కవి పోయినా పాట మిగలాలంటే దాన్ని నేర్చుకున్న మరో గొంతు ఉండాలి. మౌఖిక సంప్రదాయానికి ఉన్న బలం ఇదే, బలహీనత కూడా ఇదే.

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫును కనిపెట్టాడు. గ్రామఫోను కంపెనీ 1902లో కలకత్తాలో రికార్డింగులు చేసింది. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ రికార్డు ఒక వైపు సుమారు మూడు, నాలుగు నిమిషాలు మాత్రమే పలికేది. నాటక పద్యం అందులో ఇమిడింది. రాత్రంతా సాగే జముకుల కథ ఇమడలేదు. ఏది భద్రపడాలో పాత్ర కొలతే నిర్ణయించిందన్నమాట. ఏ గాయకుడిని పిలవాలో కంపెనీ నిర్ణయించింది.

3. రేడియో: ఊరంతటికీ ఒకే పెట్టె

ఆకాశవాణి విజయవాడ కేంద్రం 1948లోను, విశాఖపట్నం కేంద్రం 1963లోను ప్రారంభమయ్యాయి. పంచాయతీ రేడియో ముందు సాయంత్రం ఊరు గుమిగూడిన రోజులను మీ ఇంటి పెద్దలు చెప్పే ఉంటారు. ఇక్కడ శ్రోత చేతిలో పాట ప్రతి ఏదీ లేదు. పాట స్టేషన్‌లో ఉంటుంది, వేళ కూడా స్టేషన్‌దే. 1952 తరవాత సమాచార మంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణి సినిమా పాటలను బాగా తగ్గించింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్ళారు. 1957లో వివిధభారతి మొదలు కావడానికి ఇదొక ముఖ్య కారణం. వినేవాడికి ఇష్టమున్నా, నిర్ణయం ఎంత దూరంలో జరిగేదో ఈ ఉదంతం చూపుతుంది.

4. కేసెట్: ఊరు తన గొంతును తానే పట్టుకున్న కాలం

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన కేసెట్, మన దేశంలో 1980లలో ఇంటింటికీ చేరింది. దీని విశేషం చౌకదనం ఒక్కటే కాదు. టేప్‌రికార్డరులో రెండు మీటలు కలిపి నొక్కితే ఎవరైనా రికార్డు చేయగలరు. సంతలో కొన్న సినిమా పాటల కేసెట్ పక్కనే నాయనమ్మ పాడిన పెళ్ళిపాట, గుడి దగ్గర జరిగిన కథ, వలస వెళ్ళిన కొడుకు పంపిన మాటల కేసెట్ చేరాయి. కంపెనీ అనుమతి, స్టేషన్ అనుమతి అక్కర లేకుండా స్థానిక స్వరం మొదటిసారి వస్తువుగా మారింది.

ఆ వస్తువు ఇప్పుడు పోతోంది. సముద్రతీరపు తేమకు టేపు మీద బూజు పడుతుంది, ఏళ్ళు గడిచేకొద్దీ ధ్వని మసకబారుతుంది, వినిపించే యంత్రాలు మూల పడుతున్నాయి. సినిమా పాట పోతే మరో ప్రతి దొరుకుతుంది. నాయనమ్మ పాటకు మరో ప్రతి లేదు.

5. ఇంటి సర్వర్ అంటే ఏమిటి?

ఇంట్లో ఒక కంప్యూటరులో పాటలన్నీ దాచి, వై-ఫై ద్వారా ఏ గదిలోని ఫోనుకైనా, స్పీకరుకైనా పంపే ఏర్పాటే ఇంటి మీడియా సర్వర్. పాట ఫైలు మొత్తం దిగేదాకా ఆగనక్కర లేదు. సర్వర్ దాన్ని చిన్న చిన్న ముక్కలుగా పంపుతుంది. వినిపించే పరికరం కొన్ని ముక్కలను ముందుగా నిల్వ చేసుకొని, ఒక పక్క వినిపిస్తూనే మరో పక్క మిగతావి అందుకుంటుంది. దీన్నే స్ట్రీమింగ్ అంటారు. ఇందుకు ఇంటర్నెట్ అవసరం లేదు, ఇంట్లోని రౌటరు చాలు.

ఇది సాధ్యం కావడానికి ధ్వని అంకెలుగా మారాలి. సీడీ పద్ధతిలో సెకనుకు 44,100 సార్లు ధ్వనిని కొలుస్తారు. ఆ లెక్కన 60 నిమిషాల కేసెట్‌కు సుమారు 635 మెగాబైట్లు కావాలి. 1990లలో వచ్చిన ఎంపీ3 పద్ధతిలో, 128 కిలోబిట్ల వేగంతో అయితే 58 మెగాబైట్లు చాలు. చెవి అంతగా పట్టించుకోని భాగాన్ని వదిలేయడం వల్ల ఈ ఆదా వస్తుంది. వదిలిన భాగం తిరిగి రాదు. అందుకే మూలప్రతిని ఏమీ వదలని ఫ్లాక్ వంటి పద్ధతిలో దాచాలి. వినడానికి ఎంపీ3 సరిపోతుంది.

పాటకు పేరు పెట్టడమూ ముఖ్యమే. సర్వర్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా గాయకుడు, ఆల్బమ్ అన్న అరలతో వస్తుంది. మనం సినిమా పాటను సినిమా పేరుతో, సంగీత దర్శకుడి పేరుతో వెదుకుతాం. ఇంటి రికార్డింగుకైతే పాడినవారు, ఊరు, సందర్భం, సంవత్సరం కావాలి. ఈ వివరాలు లేని ఫైలు, తేదీ లేని శాసనం లాంటిదే.

6. 2024: రెండు మూసివేతలు

2001లో అమెరికాలోని స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ, ఇంటి సర్వర్ నుంచి పాటలు అందుకొని వినిపించే పెట్టెను అమ్మింది. తరవాత వచ్చిన దాని స్క్వీజ్‌బాక్స్ పేరు పొందింది. 2006లో లాజిటెక్ ఆ సంస్థను కొన్నది. 2012లో స్క్వీజ్‌బాక్స్ వరసను ఆపేసింది. 2024లో దానికి అనుబంధంగా నడిపిన ఇంటర్నెట్ సేవను కూడా మూసింది. అయినా ఆ పెట్టెలు మూగబోలేదు. సర్వర్ సాఫ్ట్‌వేర్ మూలం అందరికీ అందుబాటులో ఉండడంతో, వాడుకరులే దాన్ని లిరియన్ అనే పేరుతో కొనసాగిస్తున్నారు. పాటలు ఎవరి ఇంట్లో వారి దగ్గరే ఉన్నాయి.

అదే 2024లో మన దేశంలో ఎయిర్‌టెల్ సంస్థ వింక్ మ్యూజిక్ సేవను మూసివేసింది. అక్కడ పాటల నిల్వ సంస్థది, శ్రోతది వినే అనుమతి మాత్రమే. ఈ రెండింటినీ పోల్చి చూడండి. కౌలు భూమికి, సొంత భూమికి ఉన్న తేడా మీకు తెలుస్తుంది. చందా సేవలు చెడ్డవని దీని అర్థం కాదు. తక్కువ ఖర్చుతో లక్షల పాటలు అందిస్తున్నాయి. అయితే కేసెట్‌లోని నాయనమ్మ పాట ఆ లక్షల్లో లేదు. ఇంటి సర్వర్‌లో అది సినిమా పాట పక్కనే, సమాన హోదాలో ఉండగలదు.

7. తిత్లీ నేర్పిన పాఠం

సొంతమైతే చాలదు, భద్రత కూడా కావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. కరెంటు, ఫోను సంబంధాలు తెగిపోయాయి. అటువంటి వేళ ఇంటర్నెట్ సేవ ఏదీ పనిచేయదు. తక్కువ కరెంటుతో నడిచే చిన్న ఇంటి సర్వర్ ఇన్వర్టరు మీద కొన్ని గంటలు నడవవచ్చు, తరవాత అదీ ఆగుతుంది. తుపాను కబురు వినడానికి బ్యాటరీ రేడియోకు సాటి లేదు. పాత సాధనాన్ని కొత్తది పూర్తిగా తొలగించదని ఇక్కడ గమనించండి.

కరెంటు వచ్చాక పాట మిగలాలంటే డిస్కు మిగలాలి. డిస్కులు తుపాను లేకపోయినా పాడవుతాయి. కాబట్టి రెండో ప్రతి తప్పనిసరి. అది అదే బీరువాలో కాక, మరో ఊరిలోని బంధువుల ఇంట్లో ఉండాలి.

8. హక్కులు, బాధ్యతలు

భారత కాపీరైటు చట్టం, 1957 ప్రకారం ప్రచురితమైన ధ్వని రికార్డింగుపై హక్కు 60 సంవత్సరాలు ఉంటుంది. సొంత వినియోగానికి ప్రతి ఉంచుకోవడం వేరు, దాన్ని నలుగురికీ పంచడం వేరు. ఇంటి రికార్డింగు విషయంలోనూ పాడినవారిని అడగకుండా బయటపెట్టకూడదు. పాడినవారు లేకపోతే వారి కుటుంబాన్ని అడగాలి.

9. ముగింపు

రికార్డు కంపెనీది, ప్రసారం స్టేషన్‌ది, చందా పాట సంస్థది. స్థానిక స్వరానికి కేసెట్ ఒక ఇల్లు కట్టింది, ఆ ఇల్లు ఇప్పుడు కూలుతోంది. అందులోని పాటలకు ఇంటి సర్వర్ మరో ఇల్లు కాగలదు. కాని కేసెట్‌ను ఎవరో ఒకరు బయటికి తీయాలి. భవిష్యత్తు చరిత్రకారుడికి ఉద్దానం గొంతు వినిపిస్తుందా లేదా అన్నది ఏ దూరపు సంస్థ నిర్ణయమూ కాదు. అది మీ ఇంటి అటక మీది పెట్టెను బట్టి ఉంటుంది.

మీ అభ్యసనాన్ని పరీక్షించుకోండి

1. 78 వేగపు రికార్డు ఏ కళారూపాలకు అనుకూలించింది, వేటికి అనుకూలించలేదు? కారణం రాయండి.
2. 2024 నాటి రెండు మూసివేతలను పాట యాజమాన్యం దృష్టితో పోల్చండి.
3. మీ ఇంట్లో లేదా పొరుగింట్లో ఉన్న ఒక ఇంటి రికార్డింగు కేసెట్‌ను గుర్తించండి. పాడినవారు, ఊరు, సందర్భం, సంవత్సరం తెలుసుకొని ఒక పేజీ వివరణ తయారుచేయండి.