ఎర్రనేలలో పాతలోహం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పురావస్తువుల అన్వేషణ

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రాచీన చరిత్ర చాలావరకు రాగిరేకుల మీద చదివినదే. తొలి శతాబ్దాల్లో కళింగాన్ని ఏలిన మాఠరులు, పితృభక్తులు, వాసిష్ఠులు, ఐదో శతాబ్దం చివర నుంచి ఏలిన తూర్పు గంగులు తాము దానమిచ్చిన గ్రామాల వివరాలను రేకుల మీద చెక్కించేవారు. రేకులన్నిటినీ ఒక కడియానికి గుచ్చి, దాని అతుకు మీద రాజముద్ర వేయించేవారు. దానం పుచ్చుకున్న కుటుంబానికి అదే భూమి పట్టా. అలజడి కాలంలో దాన్ని కుండలో పెట్టి ఇంటి నేలలోనో పొలంలోనో పాతిపెట్టడం మామూలు. రాగోలు, కొమర్తి, సిరిపురం, ఉర్లాం, అచ్యుతాపురం, నడగాం, కోర్ని, చీపురుపల్లి వంటి ఊళ్ల పేర్లు చరిత్ర గ్రంథాలకు ఎక్కింది ఈ శాసనాల వల్లనే.

రేకులతో పాటు ఈ నేలలో నాణేలు, గంటలు, దీపపు సెమ్మెలు, బాణపు ములుకులు, తుపాకి గుండ్లు కూడా ఉన్నాయి. తూర్పు గంగుల బంగారు ఫణం వీటిలో మరీ చిన్నది. ఒకవైపు పడుకున్న నంది, మరోవైపు పాలనా సంవత్సరాన్ని తెలిపే అంకె ఉన్న ఈ నాణెం బరువు సుమారు అర గ్రాము. ఇలాంటి వస్తువులను వెతకడానికి ఇప్పుడు మెటల్ డిటెక్టర్లు ఉన్నాయి. అయితే ఆ యంత్రానికి లొంగని నేలల్లో ఉత్తరాంధ్ర నేల ఒకటి.

నేల తీరు

తూర్పు కనుమల రాయి ప్రధానంగా ఖొండలైటు, చార్నొకైటు. కొండల్లో నివసించే ఖోండుల పేరు మీద 1902లో టి.ఎల్. వాకర్ ఖొండలైటుకు ఆ పేరు పెట్టాడు. గార్నెట్, సిల్లిమనైట్ నిండిన ఈ రాయి వేల ఏళ్ల ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు అందులోని ఇనుము ఆక్సైడుగా మారి మట్టికి ఎరుపునిస్తుంది. గరువు భూములు ఎర్రగా ఉండటానికి కారణం ఇదే. కొన్నిచోట్ల ఆ ఇనుము గట్టిపడి గులకలుగా, లాటరైటు పొరలుగా తయారైంది.

విజయనగరం జిల్లాలోని కొన్ని ప్రాంతాల్లో దీనికి మాంగనీసు తోడవుతుంది. భారతదేశంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలినాళ్లలో చీపురుపల్లి ప్రాంతంలోని కోడూరులోనే మొదలైంది. భూగర్భశాస్త్రవేత్త ఎల్. లీ ఫెర్మర్ ఈ గనులను పరిశీలించి, ఇక్కడి రాతికి ఊరి పేరు మీదనే కోడురైటు అని పేరు పెట్టాడు. గరివిడిలో దొరికిన మరో ఖనిజానికి తన సహోద్యోగి పేరుతో వ్రెడెన్‌బర్గైటు అన్నాడు. ఇనుము, మాంగనీసు కలిసిన ఈ ఖనిజం అయస్కాంతానికి గట్టిగా అంటుకుంటుంది. సాలూరు వైపు గ్రాఫైటు కూడా ఉంది. గ్రాఫైటు లోహం కాకపోయినా విద్యుత్తును ప్రవహింపజేస్తుంది.

తీరం వెంట సమస్య ఇంకోలా ఉంటుంది. నాగావళి, వంశధార కొండల నుంచి మోసుకొచ్చిన బరువైన రేణువులను సముద్రం అలలతో చెరిగి ఒడ్డున పేర్చింది. కళింగపట్నం, భావనపాడు, భీమునిపట్నం తీరాల్లో ఇసుక నల్లగా కనిపించేది ఇందుకే. అందులో ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్, మోనజైట్‌తో పాటు మాగ్నటైటు కూడా ఉంటుంది. పైగా ఆ ఇసుక ఉప్పునీటితో తడిసి ఉంటుంది.

మనుషుల పనులు కూడా నేల స్వభావాన్ని మార్చాయి. మట్టిని నిప్పుతో కాలిస్తే అందులోని బలహీనమైన ఇనుప ఆక్సైడులు మాగ్‌హెమైటు అనే అయస్కాంత ఖనిజంగా మారతాయి. ఈ మార్పును ఫ్రెంచి శాస్త్రవేత్త లె బోర్న్ వివరించాడు. తరతరాలుగా పోడు కొట్టిన కొండవాలులు, ఇటుక బట్టీలు, కుమ్మరి ఆవాలు, కమ్మరి కొలిములు ఉన్న చోట్ల ఈ ఖనిజం ఎక్కువ. కొలిమి దగ్గర పారబోసిన చిట్టెం దీనికి అదనం. పాత ఊరి దిబ్బ అంటేనే కాలిన మట్టి, బూడిద, చిట్టెం కలిసిన పోగు. పురావస్తువులు ఎక్కడ ఎక్కువగా ఉంటాయో, యంత్రాన్ని తికమక పెట్టే మట్టి కూడా అక్కడే ఎక్కువ.

యంత్రం ఎలా పనిచేస్తుంది, ఎందుకు తడబడుతుంది

మెటల్ డిటెక్టరు చరిత్ర ఖనిజ నేలతో ముడిపడినదే. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ శరీరంలోని తూటాను వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ ఒక పరికరం తయారుచేశాడు. చేతితో పట్టుకుని తిరిగే యంత్రానికి గెర్హార్డ్ ఫిషర్ 1937లో అమెరికాలో పేటెంటు పొందాడు. రేడియోతో దిక్కు కనిపెట్టే పరికరాలు లోహపు కట్టడాల దగ్గర, ఖనిజాలున్న కొండల దగ్గర తప్పు చూపుతున్నాయని గమనించడం వల్లనే ఫిషర్‌కు ఈ ఆలోచన వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో మందుపాతరలను కనిపెట్టడానికి పోలండ్ ఇంజనీరు యూజెఫ్ కొసాట్స్కీ రూపొందించిన నమూనా బాగా వాడుకలోకి వచ్చింది.

యంత్రం అడుగున ఉన్న తీగచుట్ట మారే విద్యుత్తుతో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. నేలలో రాగి గానీ బంగారం గానీ ఉంటే ఆ లోహంలో సుడి ప్రవాహాలు పుట్టి, తమదైన చిన్న క్షేత్రాన్ని తిరిగి పంపుతాయి. రెండో తీగచుట్ట దాన్ని పట్టుకుంటుంది. ఈ జవాబు పంపిన క్షేత్రం కంటే ఎంత ఆలస్యంగా వచ్చిందన్న దాన్ని బట్టి లోహం రకాన్ని అంచనా వేస్తారు. మంచి వాహకమైన రాగిరేకుల కట్ట బలమైన జవాబిస్తుంది. అర గ్రాము బంగారు ఫణం ఇచ్చే జవాబు చాలా బలహీనం.

మాగ్నటైటు కలిసిన మట్టి కూడా జవాబిస్తుంది. అందులో సుడి ప్రవాహాలు పుట్టవు గానీ, మట్టి మొత్తం క్షేత్రాన్ని తనవైపు లాక్కుంటుంది. రేణువు చిన్నదే అయినా తీగచుట్ట కింద ఉన్న బుట్టెడు మట్టీ ఒకేసారి మాట్లాడుతుంది కనుక నాణెం గొంతు అందులో మునిగిపోతుంది. సాధారణ మట్టిలో జానెడు లోతున దొరికే నాణెం ఇలాంటి చోట రెండు మూడు అంగుళాల లోతున్నా పలకకపోవచ్చు, లేదా ఇనుప మేకులా పలకవచ్చు. ఖనిజపు గులక ఒక్కటే నాణెంలా మోగడం కూడా మామూలే. గరివిడి వైపు మాంగనీసు గులకలు, చిట్టెం ముక్కలు ఇలాంటివి.

దీనికి విరుగుడుగా వచ్చిన మొదటి పద్ధతి నేలను సరిచూసుకోవడం. లోహం లేని చోట తీగచుట్టను పైకీ కిందకీ ఆడిస్తూ, మట్టి ఇచ్చే జవాబు సున్నా అయ్యేలా యంత్రాన్ని దిద్దుతారు. గరువులో దిద్దిన యంత్రం గెడ్డ ఒడ్డుకు వస్తే పనికిరాదు. మళ్లీ దిద్దాలి. నల్ల ఇసుక తీరంలో చిక్కు ఎక్కువ. మాగ్నటైటుకు సరిపోయేలా దిద్దితే ఉప్పు తడి మోగుతుంది, ఉప్పు తడికి సరిపోయేలా దిద్దితే మాగ్నటైటు మోగుతుంది. ఒకేసారి అనేక పౌనఃపున్యాలను పంపి ఈ రెండింటినీ విడదీసే యంత్రాలు 1990లలో వచ్చాయి.

రెండో దారి పల్స్ పద్ధతి. యంత్రం క్షేత్రాన్ని కొద్దిసేపు పుట్టించి ఆపేస్తుంది. ఆపిన తర్వాత కూడా లోహంలో కొన్ని మైక్రోసెకన్ల పాటు మిగిలే ప్రవాహాన్ని వింటుంది. మాగ్నటైటు ఈ లోపే నిశ్శబ్దమవుతుంది కాబట్టి ఈ పద్ధతి ఎర్రనేలలో లోతుగా చూస్తుంది. కానీ కాలిన మట్టిలోని అతిసూక్ష్మ మాగ్‌హెమైటు రేణువులు నెమ్మదిగా ఆరుతూ లోహాన్ని అనుకరిస్తాయి. ఇనుమునూ రాగినీ వేరుచేయడం కూడా పల్స్ యంత్రానికి కష్టం. ఆస్ట్రేలియా బంగారు నేలలు, కంబోడియా లాటరైటు నేలల్లోని మందుపాతరలు ఈ యంత్రాల మెరుగుదలకు ప్రధాన కారణాలయ్యాయి. ఏ యంత్రమైనా చిన్న తీగచుట్ట వాడటం, శక్తిని తగ్గించుకోవడం, నెమ్మదిగా నడవడం ఇలాంటి నేలలో కొంత ఉపకరిస్తాయి.

నాగలి చాల్లో దొరికిన చరిత్ర

ఈ జిల్లాల శాసనాలు యంత్రం సాయంతో దొరికినవి కావు. పొలం దున్నుతున్నప్పుడో, పునాది తీస్తున్నప్పుడో, చెరువు పూడిక ఎత్తుతున్నప్పుడో పైకి వచ్చినవే ఎక్కువ. దొరికిన రేకు కంచరి మూసలోకి చేరకముందే చదివేవారి చేతికి అందడం అదృష్టం. రాబర్ట్ సెవెల్ 1880లలో మద్రాసు రాజధానిలోని పురావస్తువుల జాబితాలు ప్రచురించాడు. 1887 నుంచి దక్షిణ భారత శాసనాల వార్షిక నివేదికలు వచ్చాయి. దొరికిన రాగిరేకులను వాటిలో వరుసగా నమోదు చేశారు.

ఈ పనిలో ముందు నిలిచిన స్థానికుడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన శాసన లిపులు స్వయంగా నేర్చుకున్నారు. గంగుల రాజధాని కళింగనగరం వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగమేనని నిరూపించారు. శక సంవత్సరం 979 నాటి వజ్రహస్తుని నడగాం రేకులను ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించారు. 1919లో సాలిహుండం బౌద్ధ స్థలాన్ని వెలుగులోకి తెచ్చినదీ ఆయనే. చోడగంగుని కోర్ని రేకులను ఆయన కుమారుడు గిడుగు సీతాపతి పరిష్కరించారు.

ఈ రేకులు విలువైనవి కావడానికి వాటిలోని లోహం కారణం కాదు. జీర్జింగి రేకుల మీద గంగ సంవత్సరం 39, నరసింగపల్లి రేకుల మీద 79, ఉర్లాం రేకుల మీద 80, అచ్యుతాపురం రేకుల మీద 87 అని ఉన్నందువల్లనే గంగరాజులు ఇంద్రవర్మ, హస్తివర్మల వరుస కుదిరింది. చీపురుపల్లి రేకులు తూర్పు చాళుక్య వంశకర్త కుబ్జ విష్ణువర్ధనుడి 18వ పాలనా సంవత్సరానివి. ఏడో శతాబ్దంలో ఆ రాజ్యం ఇంత ఉత్తరానికి వ్యాపించిందని చెప్పడానికి అవి ముఖ్య సాక్ష్యం. అవి ఎక్కడ దొరికాయో తెలియకపోతే ఆ మాట అనడం కష్టమయ్యేది.

తవ్వకాలు చెప్పినవి, యంత్రం చెప్పలేనివి

నెల్లిమర్ల దగ్గరి రామతీర్థంలో గురుభక్తుల కొండ, దుర్గకొండల మీద అలెగ్జాండర్ రే తవ్వించిన బౌద్ధారామాల్లో శివమక విజయరాజు పేరున్న మట్టి ముద్ర దొరికింది. శాతవాహనుల ప్రభావం ఇంతవరకు వచ్చిందనడానికి అదొక ఆధారం. మట్టి ముద్ర కనుక ఏ డిటెక్టరూ దాన్ని గుర్తించదు. సాలిహుండంలో లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, ఆర్. సుబ్రహ్మణ్యం వేర్వేరు కాలాల్లో తవ్వకాలు జరిపారు. అక్కడి స్తూపాలు, తార, మారీచి శిల్పాలు, బ్రాహ్మీ అక్షరాలున్న కుండపెంకులు కూడా అలాంటివే. అక్కడే దొరికిన శాతవాహన నాణేలు, పూరీ-కుషాణ నాణేలు మాత్రం యంత్రానికి పలికే రకం. అయితే అక్షరాలు లేని పూరీ-కుషాణ రాగి నాణేనికి కాలం కట్టగలిగేది అది ఏ పొరలో, ఏ కుండపెంకుల పక్కన ఉందో తెలిస్తేనే. నాణేన్ని మాత్రమే పీకి తీస్తే ఆ పొర చెదిరిపోతుంది.

తీసిన తర్వాత కూడా నష్టం జరగవచ్చు. తీరానికి దగ్గరి నేలలో ఉప్పు రాగిని లోపలి నుంచి తింటుంది. చిలుము పట్టిన రేకును ఇంట్లో చింతపండుతో, బూడిదతో తోమితే మెరుపు వస్తుంది గానీ పైపొరతో పాటు అక్షరాల అంచులు కూడా పోతాయి.

చట్టం

1878 నాటి భారత నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే కనుగొన్నవారు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. వస్తువును సర్కారు ఖజానాలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు తెచ్చిస్తామని జామీను ఇవ్వాలి. హక్కుదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు ముప్పావు వంతు కనుగొన్నవారికి, పావు వంతు స్థలం యజమానికి చెందుతుంది. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. చెప్పకుండా దాచితే జైలుశిక్ష, జరిమానా ఉన్నాయి.

ప్రాచీన కట్టడాలపై వచ్చిన 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం రక్షిత స్థలాల్లో అనుమతి లేని తవ్వకాలను నిషేధించాయి. కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ వంద మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం, ఆపైన రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం అని 2010 సవరణ నిర్ణయించింది. 1972 పురావస్తువుల చట్టం వందేళ్లు దాటిన వస్తువుల అమ్మకాన్ని లైసెన్సుకు లోబరిచి, ఎగుమతిని ప్రభుత్వానికే పరిమితం చేసింది. లంకెబిందెల ఆశతో పాడుగుళ్లలో గునపాలు దించే గుప్తనిధుల ముఠాలు ఈ చట్టాల కింద నేరస్తులే. ఎర్రనేలలో యంత్రం ప్రతి గులకకూ మోగుతుంది కాబట్టి వారి చేతిలో అది చేసే చెరుపు మరీ ఎక్కువ.

సరైన వాడకం

చరిత్రకారుల చేతిలో డిటెక్టరు మేలు చేసిన సందర్భాలు ఉన్నాయి. అమెరికాలోని లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధభూమిలో 1983లో గడ్డి తగలబడిన తర్వాత 1984–85లో పురావస్తు శాస్త్రవేత్తలు వరుసలుగా నడుస్తూ, ప్రతి తూటా ఎక్కడ ఉందో పటం మీద గుర్తించారు. ఆ గుర్తుల నుంచే యుద్ధం ఏ దిశలో కదిలిందో తెలిసింది.

ఉత్తరాంధ్రలో ఆ పద్ధతికి తగిన చోట్లు ఉన్నాయి. 1757 జనవరి 24న బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం సేన కలిసి ముట్టడించిన బొబ్బిలి కోట పరిసరాలు ఒకటి. 1794 జూలై 10న చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరి మరణించిన పద్మనాభం రెండోది. యుద్ధంలో పడిన సీసపు గుండ్లు ఎక్కువగా నేల పైపొరలోనే ఉంటాయి కనుక ఖనిజ నేలలోనూ కొంతవరకు పలుకుతాయి.

ఇలాంటి సర్వే పురావస్తు శాఖ అనుమతితో, పొలం యజమాని ఒప్పుదలతో జరగాలి. ముందుగా ఆ నేల మట్టిలోనే తెలిసిన నాణేన్ని వేర్వేరు లోతుల్లో పాతి యంత్రం ఎంతవరకు వింటుందో పరీక్షిస్తారు. పొలాన్ని గడులుగా విభజించి, ఒక్కో గడిలో నేలను కొత్తగా సరిచూస్తారు. మోగిన ప్రతిచోటా జెండా పాతి, స్థానం, లోతు, లోహం రకం రాసుకుంటారు. నాగలి కదిపిన పొర వరకే తీస్తారు. దాని కింద మోగిన దాన్ని కదపకుండా తవ్వకానికి వదిలేస్తారు. యంత్రం మౌనంగా ఉన్న గడిని లోహం లేని గడిగా లెక్కించరు. మాంగనీసు నేలలోనూ నల్ల ఇసుకలోనూ ఆ మౌనానికి అర్థం, యంత్రం వినగలిగిన లోతులో ఏమీ పలకలేదని మాత్రమే.