తిరువూరు పల్లెల పోస్టుమ్యాన్

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు చుట్టుపక్కల పల్లెల్లో ఉత్తరాలు, డబ్బు, పార్సిళ్లు ఇంటికి తెచ్చిచ్చే మనిషిని ఊళ్లో అందరూ పోస్టుమ్యాన్ అనే అంటారు. తపాలా శాఖ లెక్కల్లో అతడు గ్రామీణ డాక్ సేవక్. 2001కి ముందు ఈ కొలువును ఈ.డి. (ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్) అనేవారు, పెద్దవాళ్లు ఇప్పటికీ అలాగే అంటారు.

తిరువూరు పిన్‌కోడు 521235. దేశంలో పిన్‌కోడ్లు 1972 ఆగస్టు 15న మొదలయ్యాయి. అయితే కోడు ఉత్తరాన్ని పోస్టాఫీసు దాకే తెస్తుంది. అక్కణ్ణుంచి గడప దాకా చేర్చేది పోస్టుమ్యాన్ జ్ఞాపకమే. కవరు మీద పేరు, ఊరు తప్ప డోరు నంబరు ఉండదు. అదే పేరుతో ఊళ్లో ముగ్గురుంటారు. ఇంటిపేరు, తండ్రి పేరు, పంపినవారి ఊరు చూసి ఎవరిదో తేల్చుకుంటాడు. 2014లో రాష్ట్రం విడిపోయాక పక్కనున్న పెనుబల్లి, కల్లూరు తెలంగాణలో ఉండిపోయినా చుట్టరికాలు అటూ ఇటూ సాగుతూనే ఉన్నాయి. ఆ చుట్టరికాలు తెలిసినవాడికి చిరునామా సగమే ఉన్నా చాలు.

బ్రాంచి పోస్టాఫీసు చాలాచోట్ల పోస్టుమాస్టరు ఇంట్లోనే ఒక గది. సంచి రాగానే సీలు విప్పి, లెక్క సరిచూసి, ముద్రలు వేసి బట్వాడాకు ఇస్తారు. కొన్ని ఊళ్లలో ఈ పనులన్నీ ఒక్కరే చేస్తారు.

మనియార్డరు రోజుల్లో అతడు ఉత్తరం చదివిపెట్టేవాడు, జవాబు రాసిపెట్టేవాడు. చదువు రానివారి బొటనవేలు సిరాలో అద్ది ఫారం మీద వేయించి, పక్కన సాక్షి సంతకం తీసుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. చావు కబురు తెచ్చే కార్డును ఇంట్లో ఉంచుకోకుండా చదివిన వెంటనే చింపేయడం ఆనవాయితీ. చదివి చెప్పే బరువు తరచూ పోస్టుమ్యాన్ మీదే పడేది.

పాత మనియార్డరు 2015లో ఆగిపోయింది. 2018 సెప్టెంబరు 1న ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు మొదలయ్యాక ఇంటి దగ్గరే డబ్బు తీసుకోవడానికి వేలిముద్ర మళ్లీ పనిలోకి వచ్చింది, ఈసారి యంత్రం మీద. మిరప, పత్తి చేలలో పనిచేసి అరిగిన వేళ్లను యంత్రం పట్టుకోదు. వేలు తుడిచి, మరో వేలు పెట్టించి, ఓపిగ్గా మళ్లీ మళ్లీ ప్రయత్నించాల్సిందే.

ఫ్రాన్స్ తపాలా సంస్థ 2017లో ఒంటరి వృద్ధుల బాగోగులు పోస్టుమ్యాన్ చేత కనుక్కునే పనికి నెలవారీ రుసుము పెట్టింది. మన పల్లెల్లో ఆ పలకరింపు బట్వాడాలో భాగం, దానికి వేరే లెక్క లేదు.

డాక్ సేవకుల విధి కాలాన్ని శాఖ రోజుకు నాలుగైదు గంటలుగానే లెక్కిస్తుంది. ఊరు వారి మీద వేసుకున్న పనికి ఈ కొలత సరిపోదు. 2018 మే 22న వారు దేశవ్యాప్త సమ్మెకు దిగారు. జూన్ 6న కేంద్ర మంత్రివర్గం వేతన సవరణకు ఒప్పుకుంది. రెగ్యులర్ ఉద్యోగులతో సమానంగా పింఛను ఇవ్వాలన్న కోరిక మాత్రం ఇంకా తీరలేదు.