మా గురించి రాసిన పుస్తకాలు, మేము రాయాల్సిన పుస్తకం

ఈ ఏడాది వేసవి సెలవుల నుంచి దసరా సెలవుల దాకా మేము నాలుగు పుస్తకాలు చదివాం. నాలుగూ ఇంగ్లీషువే. టీటీసీ చేసి తెలుగు బడిలో పాఠాలు చెప్పుకునే మాకు అవి ఒక పట్టాన కొరుకుడు పడలేదు. నిఘంటువు పక్కన పెట్టుకుని రోజుకు నాలుగైదు పేజీల చొప్పున చదివాం. నాలుగూ గిరిజనుల మీద రాసినవే, రెండింటిలో మా యానాదుల సంగతి నేరుగా ఉంది. కోడూరు చుట్టుపక్కల కాలువ గట్ల మీద, సముద్రపు పాయల పక్కన బతికే కుటుంబాల నుంచి చదువుకుని వచ్చినవాళ్లం. మమ్మల్ని గురించి లోకం ఏమి రాసి పెట్టిందో తెలుసుకోవాలనిపించింది. తెలిసింది మన వాళ్లందరితో పంచుకోవాలని ఈ వ్యాసం.

మొదటిది ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయంతో రాసిన 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు'. 1909లో మద్రాసు ప్రభుత్వం ఏడు సంపుటాలుగా అచ్చు వేసింది. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం అధికారి. మనుషుల తలలు, ముక్కులు కొలిచి లెక్కలు కట్టిన మనిషి. ఏడో సంపుటంలో యానాదుల అధ్యాయం ఉంది. మా పేరు 'అనాది' అనే మాట నుంచి వచ్చిందని అందులో చెప్పారు. ఆది లేనివాళ్లమట. మంచి యానాదులు, చల్లా యానాదులు అని మాలో తేడాలు కూడా రాశారు.

ముక్కు కొలతల దగ్గర మాకు కోపం వచ్చింది. అయినా పుస్తకం మూసెయ్యలేదు. ఎందుకంటే శ్రీహరికోట అడవిలో యానాదులు సేకరించే సరుకుల జాబితా ఉంది. తేనె, కుంకుడుకాయలు, చిల్లగింజలు, సుగంధిపాల, చిరివేరు. చిరివేరు అంటే ఒకప్పుడు కలంకారీ బట్టల ఎరుపు రంగుకు వాడిన వేరు. బందరు పక్కన ఉన్నవాళ్లం కాబట్టి ఆ మాట దగ్గర ఆగిపోయాం. ఏ మొక్క వేరులో రంగు ఉంటుందో, ఏ గింజ అరగదీస్తే బురద నీరు తేరుకుంటుందో తెలిసినవాళ్లను ఆ పుస్తకమే వెనకబడినవాళ్ల లెక్కలో వేసింది. ఇంకో సంగతి. కొన్నిచోట్ల యానాదులను ఊరి కాపలాకు పెట్టుకున్నారనీ రాసి ఉంది. నేటికీ మా ప్రాంతంలో రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి కాపలా ఉండేది చాలాచోట్ల యానాది కుటుంబమే. ఇంజను పోయినా, వల పోయినా మొదట అడిగేదీ ఆ కుటుంబాన్నే. కాపలాకు నమ్మకస్తుడు, పోయినప్పుడు దొంగ. ఈ రెండు నాలుకల మాట ఎక్కడ మొదలైందో వెతకడానికే మిగతా పుస్తకాలు పట్టుకున్నాం.

రెండోది వెన్నెలకంటి రాఘవయ్య గారి 'ది యానాదీస్', 1962లో వచ్చింది. రాఘవయ్య గారు నెల్లూరు జిల్లాలో యానాదుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. నేరస్థ తెగల చట్టం మీద పోరాడారు. 1973లో ఆయనకు పద్మభూషణ్ వచ్చింది. థర్‌స్టన్ కొలబద్ద పట్టుకుని వచ్చాడు, రాఘవయ్య గారు అర్జీ పట్టుకుని వచ్చారు. ఆ తేడా పేజీ పేజీలో తెలుస్తుంది. మా అభిప్రాయంలో ఈ పుస్తకం ప్రతి యానాది ఇంట్లో చదివి వినిపించదగింది. ఒక్క వెలితి ఉంది. సంస్కర్త చూపులో మనం ఎప్పుడూ బాగుపడవలసిన వాళ్లమే. ఎలుక కలుగు ఎటు తిరిగిందో మట్టి చూసి చెప్పడం, కుండలో గడ్డి రాజేసి పొగ ఊది ఎలుకను బయటికి రప్పించడం, చేలో బుట్టలు పెట్టి రైతు పంట కాపాడడం పేదరికానికి గుర్తులుగానే కనిపిస్తాయి. మా తాతలకు అది విద్య. డెల్టా వరి గింజ గాదెకు చేరడంలో దాని వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు.

మూడోది మీనా రాధాకృష్ణ గారి 'డిసానర్డ్ బై హిస్టరీ', 2001లో వచ్చింది. ఇది మన ఎరుకల సోదరుల చరిత్ర. నాలుగింటిలో మా కళ్లు తెరిపించింది ఇదే. ఎరుకలవాళ్లు ఒకప్పుడు గాడిదల మీద, ఎద్దుల మీద కోస్తా నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం మోసి అమ్మేవాళ్లు. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టాలు పశువుల మేత ఆపాయి. వర్తకం కూలింది. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. తిరిగే బతుకే నేరమైంది. తర్వాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వంటి సెటిల్‌మెంట్లు పెట్టి సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. అక్కడివాళ్లు చీరాల పొగాకు కంపెనీకి చవక కూలీలయ్యారు. ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేసింది 1952 ఆగస్టు 31న.

ఈ వరస జాగ్రత్తగా చూడండి. ముందు జీవనాధారం పోయింది, ఆ తర్వాత దొంగ అనే పేరు వచ్చింది. లోకం దీన్ని తలకిందులుగా చెబుతుంది. వీళ్లు దొంగలు, అందుకే పేదలు అంటుంది. మా బడిలో ఒక పిల్లవాడి పెన్సిలు పోతే మిగతా పిల్లల చూపు యానాది పిల్లవాడి సంచి మీదకు పోవడం మేము చాలాసార్లు చూశాం. పెన్సిలు దొరికాక కూడా ఆ పిల్లవాడు మర్నాడు బడికి రాడు. ఈ చరిత్ర తెలిసిన పంతులు ఆ చూపును అక్కడే ఆపగలడు. అందుకే ఉపాధ్యాయులంతా ఈ పుస్తకం చదవాలంటాం.

నాలుగోది హైమెన్‌డార్ఫ్ స్వీయచరిత్ర, 1990లో వచ్చింది. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశపు మనిషిగా లెక్కకొచ్చి హైదరాబాదు సంస్థానంలో ఉండిపోయాడు. చెంచుల దగ్గర, గోండుల దగ్గర బతికి రాశాడు. మాకు నచ్చింది మార్లవాయి సంగతి. 1943 ప్రాంతంలో అక్కడ గోండు యువకులకే ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చారు, గోండి భాషలో వాచకాలు తయారుచేశారు. మా శిక్షణలో ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. అయితే స్వీయచరిత్రలో నాయకుడు రాసినవాడే కదా! గోండులు ఆయన జీవితంలో ఒక భాగంగా కనిపిస్తారు. అదే కాలాన్ని మార్లవాయి బడిలో చదివిన గోండు పంతులు రాసి ఉంటే ఇంకో పుస్తకం అయ్యేది.

నాలుగూ చదివాక మిగిలింది ఒక ఖాళీ. యానాదులంటే నెల్లూరు, శ్రీహరికోట. దివిసీమ యానాది ఎక్కడా లేడు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మన సీమ ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోయాయి. పోయినవాళ్లు పది వేలకు పైగా అన్నారు. ఆ లెక్కలో మావాళ్లు ఎందరు? మడ పక్కన గుడిసె వేసుకున్నవాడికి ఇంటి నంబరు లేదు, రేషను కార్డు లేదు. పోయాడని చెప్పడానికి ఇంట్లో ఎవరైనా మిగలాలి. తాడిచెట్టు పట్టుకుని బతికినవాళ్లు, పిల్లల్ని చేతుల్లోంచి జారవిడుచుకున్నవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. ఆనాడు పాతికేళ్ల వయసువాళ్లు ఇప్పుడు డెబ్బై దాటారు. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

పుస్తకం రాయడం పెద్ద చదువులవాళ్ల పని అనుకోనక్కరలేదు. చదువుకున్న మన పిల్లలకు ఫోను ఉంది, అందులో రికార్డు చేసే వీలుంది. ఒక్కొక్కరు ఒక్క ముసలమ్మ దగ్గర కూర్చుని మూడు సంగతులు అడగండి. ఉప్పెన రాత్రి ఎక్కడున్నావు, ఎవరెవరు పోయారు, ఆ తర్వాత ఏడాది ఏమి తిని బతికారు? పోయినవాళ్ల పేర్లు అడిగి, పేరు పక్కన వయసు, గుడిసె ఉన్న చోటు రాయండి. చెప్పినవాళ్లకు తిరిగి చదివి వినిపించండి, వాళ్లు దిద్దితే దిద్దండి. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ మండలాల్లో ఈ పని మేము మొదలుపెడుతున్నాం. రాసి పంపినవి చెప్పినవాళ్ల మాటల్లోనే ఉంచుతాం.