జంటలో ఒకరు



కవ అనగా జత. కవలలన్న మాట అందులోనిదే, అమడలనీ అంటారు. జంటగా పుట్టినవారికి ఇన్ని పేర్లున్న మన భాషలో, జంటగా కడుపున పడి ఒంటరిగా పుట్టిన బిడ్డకు పేరు లేదు. అటువంటి బిడ్డ ఉన్నదని తెలుసుకొనే సాధనమే లోకంలో చాలాకాలం లేదు.

మా గోదావరి సీమలో కవలల ఊసుకు కొదువ లేదు. రంగంపేట మండలంలోని దొడ్డిగుంట కవలల ఊరుగా పత్రికలకెక్కినది. ఆ మహిమ అక్కడి నూతినీటిదని నమ్మకం. జంట అరటిపండు తినవద్దని కోనసీమ ఆడపిల్లలకు అమ్మమ్మలు చెప్పేమాట సరేసరి. అన్నీ ఇద్దరు పుట్టుటను గురించినవే.

చరక సంహిత శారీరస్థానం రెండవ అధ్యాయంలో అగ్నివేశుడు గురువును అడుగుతాడు: కవలలలో ఒకరు ఎక్కువగా, ఒకరు తక్కువగా ఎందుకు పెరుగుతారు? బీజం విషమభాగాలుగా చీలుట వలన, కర్మ వలన అని సమాధానం. ఆహారమందని గర్భం శోషించిపోతుందన్న మాటా ఆ పక్కనే ఉన్నది. రెంటినీ జతపరచి, ఒకరు శోషించగా మరొకరు బ్రతుకుట అక్కడ చెప్పలేదు. కంటికి కనబడనిదానికి అంతదూరం వెళ్ళుటే గొప్ప.

1958లో గ్లాస్గో వైద్యుడు ఇయాన్ డొనాల్డ్, ధ్వనితరంగాలతో కడుపులోనికి చూచిన వైనాన్ని సహచరులతో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ఆ యంత్రాన్ని తొలి నెలలలోనే వాడసాగిన తరువాత, ఇద్దరుగా కనిపించినవారు పెక్కుసార్లు ఒక్కరవుతున్నారని తేలినది. 1976లో లెవీ ఈ సంగతి వ్రాశాడు. 1980ల నాటికి ‘అదృశ్య కవల’ అన్న పేరు వాడుకకు వచ్చినది.

తెలియుట వలన దుఃఖమూ వచ్చినది. మా వీధిలోని ఒక కోడలికి ఏడవ వారంలో రాజమండ్రిలో తీసిన స్కానింగులో రెండు కనిపించి, మూడవ నెలకు ఒకటే మిగిలినది. “ఉన్నది రెండోదాన్ని తినేసిందమ్మా” అన్నదొక పెద్దావిడ. ఆ మాట ఆ అమ్మాయిని కాన్పుదాకా కాల్చుకుతిన్నది. ఎంత దారుణమైన మాట! తోడును తినే బిడ్డ ఉండదు. పోయిన పిండంలో పెక్కుసార్లు క్రోమోజోముల లోపమే ఉంటుంది. తొలి వారాలలో పోతే అది మెల్లగా కరిగి శరీరంలో కలిసిపోతుంది.

మిగిలిన బిడ్డ ఆరోగ్యం మాటేమిటి? డెన్మార్కు పరిశోధకులు ఐవీఎఫ్ వంటి చికిత్సలతో కలిగిన కాన్పులను పరిశీలించి 2005లో ప్రకటించినదేమంటే, ఒంటరిగా పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు కవలగర్భంలో మొదలైనవారే. ఎనిమిది వారాలలోపు జోడు పోయిన బిడ్డలకు, మొదటినుండి ఒంటరులైనవారికి చెప్పుకోదగ్గ భేదం కనబడలేదు. ఆలస్యంగా పోయినచోట నెలలు నిండకుండా పుట్టుట, తూకం తగ్గుట హెచ్చినవి. ఒకే మావిని పంచుకొన్న కవలలలో నాలుగైదు నెలలు దాటాక ఒకరు పోతే రెండవవారి మెదడుకే ముప్పు రావచ్చు. అది వేరే సంగతి, వైద్యులు కనిపెట్టి ఉండవలసినది.

ఇంకొకటి. పోయిన శిశువు ఆనవాలు కొన్ని వారాలపాటు తల్లి రక్తంలో నిలిచి ఉంటుందట. అందుచేత తల్లి రక్తంతో బిడ్డకు చేసే జన్యుపరీక్ష తప్పుదారి పట్టవచ్చు. మొదట ఇద్దరు కనిపించారని వైద్యులకు ముందుగానే చెప్పవలెను.