ఊపిరితిత్తుల ఎక్స్‌రే: మచ్చలకు ఒక కొలమానం

గని కార్మికుని ఛాతీ ఎక్స్‌రేలోని మచ్చలను ఒక వైద్యుడు స్వల్పమనీ, మరొకరు తీవ్రమనీ అంటే ఏమవుతుంది? అతనికి అందవలసిన నష్టపరిహారమే చిక్కులో పడుతుంది. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌పై 1930లో జొహానెస్‌బర్గ్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఉమ్మడి వర్గీకరణకు నాంది పలికింది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1950 నుంచి దానిని పలుమార్లు సవరించి, 2011లో డిజిటల్ చిత్రాలకూ విస్తరించింది.

వైద్యుడు రోగి చిత్రాన్ని ప్రామాణిక చిత్రాలతో పోల్చి, మచ్చల సాంద్రతను 0 నుంచి 3 వరకు వర్గీకరిస్తాడు. '1/0' అని రాస్తే, 1గా నిర్ణయించినా 0 కావచ్చునని కూడా గట్టిగా ఆలోచించాడని అర్థం. సందేహాన్ని దాచకుండా నమోదు చేయడమే ఈ పద్ధతిలోని విశేషం. అయితే ఈ అంకె ఒక్కటే రోగనిర్ధారణ కాదు. ఆ కార్మికుడు ఏ ధూళిలో, ఎన్నేళ్లు పనిచేశాడో కూడా అడిగి తెలుసుకోవాలి.