వికీ పెట్టేముందు ఒక్కసారి ఆగండి

మొన్న మా టీమ్‌లో ఏ వికీ వాడాలని పెద్ద రగడ. నాకేమో ఫెడోరా కథ గుర్తొచ్చింది.

ఫెడోరా వాళ్ళు మొదట్లో మోయిన్‌మోయిన్ వాడేవారు. పైథాన్‌లో రాసిన వికీ అది. డేటాబేసు అక్కర్లేదు, పేజీలన్నీ ఫైళ్ళే. పెట్టుకోవడం సుళువే, కానీ జనం పెరిగేసరికి నత్తనడక! 2008లో మీడియావికీకి మారారు. మార్కప్ వేరు కాబట్టి పాత పేజీలన్నీ మార్చాల్సొచ్చింది.

అసలు మీడియావికీ పుట్టిందీ ఇలాంటి బాధలోంచే. 2001లో వికీపీడియా ఫైళ్ళతో నడిచే యూజ్‌మాడ్‌తో మొదలైంది. అది చాలక 2002లో పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ బాట పట్టింది.

ఇక మోయిన్‌మోయిన్ 1.9 పైథాన్ 2 దగ్గరే ఆగిపోయింది. ఆ పైథాన్‌కి 2020లో మద్దతు ఆగింది.

పాత టూల్ వదిలేసినప్పుడు మా టీమ్ మూడేళ్ళ నోట్సు గంగలో కలిశాయి. అందుకే ఈసారి ఫీచర్ల కంటే ముందు బయటికొచ్చే దారి చూద్దామన్నాను. మీరేమంటారు?